ఎఫ్‌పీవీ: డ్రోన్ కన్నా ముందు గాగుల్స్

ఎఫ్‌పీవీ డ్రోన్ ముందుభాగంలో చిన్న కెమెరా ఒకటి ఉంటుంది. అది చూసే దృశ్యం అప్పటికప్పుడే రేడియో తరంగాల మీద పైలట్ పెట్టుకున్న గాగుల్స్‌లోకి చేరుతుంది. డ్రోన్ వంద మీటర్ల అవతల చెట్ల మధ్య దూరి పోతుంటే, ఇవతల కుర్చీలో కూర్చున్న మనిషి దాని ముక్కు దగ్గరే ఉన్నట్టుగా చూస్తూ నడుపుతాడు. ఫస్ట్ పర్సన్ వ్యూ అనే పేరు ఈ పద్ధతికి అందుకే వచ్చింది.

పెళ్ళిళ్ళలో తలల మీద నిలకడగా నిలబడే కెమెరా డ్రోన్ వేరు, ఇది వేరు. కెమెరా డ్రోన్‌లో జీపీఎస్, నేలను గమనించే సెన్సర్లు ఉంటాయి. స్టిక్కులు వదిలేస్తే ఉన్నచోటే ఆగుతుంది. ఎఫ్‌పీవీ డ్రోన్‌ను ఆక్రో మోడ్‌లో నడిపేటప్పుడు అది అలా ఆగదు. ఎంత వంచితే అంత వంపులోనే ఉండిపోతుంది. దాన్ని మళ్ళీ సమం చేయాల్సింది పైలట్ వేళ్ళే. గాల్లో పల్టీలు, సన్నని సందుల్లోంచి దూసుకుపోవడం, కొండ అంచు నుంచి నిట్టనిలువుగా దిగడం ఈ స్వేచ్ఛ వల్లే సాధ్యమవుతాయి. నేర్చుకునే రోజుల్లో డ్రోన్ పదేపదే కింద పడేది కూడా దీనివల్లే.

మొదటి కొనుగోలు లెక్క ఈ ఒక్క విషయం మీదే నడవాలి. డ్రోన్ పడుతుంది, విరుగుతుంది, పోతుంది, మారుతుంది. రిమోట్, గాగుల్స్ మాత్రం పైలట్ చేతిలోనే భద్రంగా ఉండి, నాలుగైదు డ్రోన్లు మారినా పనికొస్తాయి. కొత్తవాళ్ళు చాలామంది డబ్బులో ఎక్కువ భాగం డ్రోన్ మీద పెట్టి, మిగిలినదాంతో ఏదో ఒక గాగుల్స్ తెచ్చుకుంటారు. ఈ వరసను తిప్పి రాసుకోవాలి. ముందు రిమోట్, తర్వాత వీడియో సిస్టమ్, గాగుల్స్, చివరికి డ్రోన్.

హాబీవాళ్ళు రేడియో అని పిలిచే రిమోట్‌ను ముందు కొనడానికి బలమైన కారణం ఉంది. యూఎస్‌బీ కేబుల్‌తో దాన్ని కంప్యూటర్‌కు కలిపితే లిఫ్టాఫ్, వెలోసిడ్రోన్, అన్‌క్రాష్డ్ లాంటి సిమ్యులేటర్లలో డ్రోన్ నడపడం నేర్చుకోవచ్చు. సిమ్యులేటర్‌లో వందసార్లు పడినా ఒక ప్రొపెల్లర్ ఖర్చు కూడా ఉండదు. వీడియో గేమ్ కంట్రోలర్‌తోనూ ఆడవచ్చు గానీ, దాని స్టిక్కులు వదలగానే మధ్యకు వచ్చేస్తాయి. డ్రోన్ రేడియోలో థ్రాటిల్ స్టిక్ పెట్టినచోటే నిలుస్తుంది. వేళ్ళకు అలవాటు కావలసింది ఇదే కాబట్టి నేర్చుకునేది అసలు రేడియో మీదే నేర్చుకోవాలి. కనీసం పది గంటలైనా సిమ్యులేటర్‌లో గడపకుండా ఆక్రోలో నిజమైన డ్రోన్ ఎగరేయడం డబ్బు పారేసుకోవడమే. ఆ పది గంటల్లో తల తిరిగి, విసుగు పుట్టి, ఈ సరదా తమకు పడదని తెలుసుకునేవాళ్ళూ ఉంటారు. వాళ్ళకు మిగతా ఖర్చంతా తప్పినట్టే.

రేడియోలో చూడాల్సిన మొదటి సంగతి అది డ్రోన్‌తో మాట్లాడే పద్ధతి. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు 2.4 గిగాహెర్ట్జ్ ఎక్స్‌ప్రెస్‌ఎల్ఆర్ఎస్ సరైనది. ఇది ఓపెన్ సోర్స్, రిసీవర్లు చవక, చాలా కంపెనీల డ్రోన్లలో ముందే అమర్చి వస్తుంది. దీని 900 మెగాహెర్ట్జ్ రకం ఇంకా దూరం పోతుంది కానీ, అమెరికా మార్కెట్ కోసం 915 అని అమ్మే పరికరాలు 902 నుంచి 928 మెగాహెర్ట్జ్ దాకా వాడతాయి. ఇండియాలో అందులో కొంత భాగం మొబైల్ నెట్‌వర్కులది. మొదటి రేడియోకు అంత దూరం అవసరమూ లేదు. రేడియోమాస్టర్ పాకెట్ లాంటి చిన్న రేడియోలు, బాక్సర్ లాంటి పెద్దవి ఎడ్జ్‌టీఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి. స్టిక్కుల కింద హాల్ సెన్సర్లున్నవి ఎంచుకోవాలి. అవి అయస్కాంతంతో పనిచేస్తాయి కాబట్టి రాపిడికి అరగవు. ఇంతకు మించి రేడియో గురించి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

అసలు చిక్కు వీడియో దగ్గర వస్తుంది. డ్రోన్ మీది వీడియో ట్రాన్స్‌మిటర్, గాగుల్స్‌లోని రిసీవర్ ఒకే జాతివి కావాలి. అనలాగ్, డీజేఐ, వాక్‌స్నెయిల్, హెచ్‌డీజీరో అనే నాలుగు పద్ధతులు ప్రధానంగా వాడకంలో ఉన్నాయి. దేని దారి దానిదే, మామూలుగా ఒకదాని గాగుల్స్ ఇంకోదాని డ్రోన్‌ను చూడలేవు. ఒకే కంపెనీలో కూడా పాత తరం గాగుల్స్, కొత్త తరం డ్రోన్ కలవని సందర్భాలున్నాయి. డీజేఐ వస్తువులు కొనేవాళ్ళు ఏ గాగుల్స్ ఏ డ్రోన్‌తో పనిచేస్తాయో కంపెనీ ఇచ్చే పట్టికలో చూసుకున్నాకే డబ్బు కట్టాలి. గాగుల్స్ ఎంచుకోవడమంటే రాబోయే డ్రోన్లన్నిటికీ వీడియో పద్ధతి ఎంచుకోవడమే.

అనలాగ్ అన్నిటికన్నా పాతది. బొమ్మ గరుకుగా, పాత టీవీలా ఉంటుంది. సిగ్నల్ తగ్గేకొద్దీ చుక్కలు, గీతలు పెరుగుతాయి. చూడటానికి బాగుండదు గానీ, ఆ చుక్కలే హెచ్చరిక. బొమ్మ పూర్తిగా పోకముందే పైలట్ వెనక్కి తిరగగలడు. ట్రాన్స్‌మిటర్లు గ్రాము రెండు గ్రాముల బరువులో దొరుకుతాయి, ధర తక్కువ, విరిగినా బాధ తక్కువ. అరచేతిలో పట్టే డ్రోన్లకు అనలాగ్ ఇప్పటికీ సరిపోతుంది.

డిజిటల్‌లో దృశ్యం స్పష్టంగా ఉంటుంది. కరెంటు తీగ, ఎండు కొమ్మ ముందే కనిపిస్తాయి. అనలాగ్‌లో తీగలు కనిపించక కూలే డ్రోన్లు కొల్లలు, మన ఊళ్ళలో తీగలకు కొదవ లేదు. డీజేఐ 2019లో ఎఫ్‌పీవీ కోసం డిజిటల్ సిస్టమ్ తెచ్చాక ఈ రంగం రూపురేఖలే మారాయి. అయితే డిజిటల్‌లో సిగ్నల్ దెబ్బతిన్నప్పుడు బొమ్మ గడ్డకట్టి ఆగిపోవచ్చు. ఆ అరసెకను పైలట్ గుడ్డివాడే. పైగా దృశ్యాన్ని కుదించి, పంపి, మళ్ళీ విప్పడానికి సమయం పడుతుంది. 30 మిల్లీసెకన్ల ఆలస్యం చిన్నదిగా వినిపిస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే డ్రోన్ సెకనుకు దాదాపు 28 మీటర్లు కదులుతుంది కాబట్టి, ఆ ఆలస్యంలో అది 80 సెంటీమీటర్లకు పైగా ముందుకు వెళ్ళిపోయి ఉంటుంది. రేసింగ్ చేసేవాళ్ళు అనలాగ్‌నో, ఆలస్యం తక్కువగా, ఎప్పుడూ ఒకేలా ఉండే హెచ్‌డీజీరోనో ఇష్టపడేది ఇందుకే. వీడియోలు తీయాలనుకునేవాళ్ళకు, ప్రకృతి చూస్తూ తేలిపోవాలనుకునేవాళ్ళకు డీజేఐ గానీ వాక్‌స్నెయిల్ గానీ మేలు. ఏది గొప్పదన్న వాదన కన్నా, ఎగరేసేది ఎవరితో కలిసి అన్నది ముఖ్యం. ఊళ్ళో నలుగురు స్నేహితులు ఇప్పటికే ఒక పద్ధతి వాడుతుంటే అదే తీసుకోవడం తెలివైన పని. విడిభాగాలు పంచుకోవచ్చు, ఒకరి విన్యాసం ఇంకొకరు తమ గాగుల్స్‌లో చూడవచ్చు, చెడిపోతే అడగడానికి మనిషి ఉంటాడు.

గాగుల్స్ రూపంలో రెండు రకాలు. బాక్స్ గాగుల్స్‌లో ఒకే తెర, దాని ముందు పెద్ద లెన్స్ ఉంటాయి. రెండో రకంలో బైనాక్యులర్‌లా కంటికొక చిన్న తెర ఉంటుంది. బాక్స్ రకం లావుగా, ముందుకు బరువుగా ఉంటుంది, చవక. అనలాగ్‌లో ఈషీన్ ఈవీ800డీ చాలామంది చేతిలో మొదటి గాగుల్స్ అయింది. 800×480 చుక్కల 5 అంగుళాల తెర, దృశ్యాన్ని రికార్డు చేసే డీవీఆర్, తీసి విడిగా మానిటర్‌లా వాడుకునే వీలు అందులో ఉన్నాయి. డీవీఆర్‌ను అలంకారం అనుకోకూడదు. గడ్డిలో, తోటలో డ్రోన్ తప్పిపోయినప్పుడు చివరి పది సెకన్ల రికార్డింగే దాన్ని వెతికిపెడుతుంది.

బైనాక్యులర్ రకం చిన్నది, తేలిక, పదునైన బొమ్మ ఇస్తుంది. కాకపోతే అది మొహానికి కుదరాలి. రెండు కనుపాపల మధ్య దూరం పెద్దవాళ్ళలో సగటున 63 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, మనిషి మనిషికీ తేడా ఉంటుంది. ఉదాహరణకు డీజేఐ గాగుల్స్ 2లో లెన్సులను 56 నుంచి 72 మిల్లీమీటర్ల దాకా జరుపుకోవచ్చు. ఆ పరిధిలో లేని కళ్ళకు బొమ్మ రెండుగానో, అంచుల్లో మసకగానో కనిపిస్తుంది. కళ్ళద్దాల షాపులో పీడీ అనే ఈ దూరం అడిగితే నిమిషంలో కొలిచి చెబుతారు. ఆన్‌లైన్‌లో గాగుల్స్ కొనేముందు ఆ అంకె తెలుసుకోకపోవడం పొరపాటు.

కళ్ళద్దాలు పెట్టుకునేవాళ్ళు ఇక్కడ ఇంకొంచెం ఆలోచించాలి. బైనాక్యులర్ రకంలో అద్దాల మీద గాగుల్స్ పట్టవు. కొన్నిటిలో పవర్ సరిచేసుకునే మీట ఉంటుంది. గాగుల్స్ 2లో అది ప్లస్ 2 నుంచి మైనస్ 8 దాకా తిరుగుతుంది. అయితే ఆ మీట సిలిండర్ పవర్‌ను సరిచేయలేదు. ఆస్టిగ్మాటిజమ్ ఎక్కువగా ఉన్నవాళ్ళకు విడిగా లెన్సులు చేయించి లోపల బిగించుకోవడమో, అద్దాల మీదే పెట్టుకోగల బాక్స్ రకం తీసుకోవడమో దారి. డీజేఐ 2024లో తెచ్చిన గాగుల్స్ ఎన్3 అద్దాలతోనే పెట్టుకునేలా చేసిన బాక్స్ రకమే. కంటికి సరిగా ఆనని ఖరీదైన గాగుల్స్ కన్నా హాయిగా కనిపించే చవక గాగుల్స్ ఎంతో నయం. వీలుంటే స్నేహితుడివి అడిగి పది నిమిషాలు పెట్టుకు చూడటం వంద సమీక్షలు చదవడం కన్నా ఎక్కువ చెబుతుంది.

దృశ్యం ఎంత వెడల్పుగా కనిపిస్తుందన్నది మరో అంకె. పెద్దది మంచిదనిపిస్తుంది, నిజానికి అంత తేలిక కాదు. బ్యాటరీ వోల్టేజీ లాంటి సమాచారం తెర మూలల్లో ఉంటుంది. దృశ్యం మరీ వెడల్పైతే ఆ మూలలు చూడటానికి కళ్ళు తిప్పాల్సి వస్తుంది, ఎగరేసేటప్పుడు అంత తీరిక ఉండదు. 40 నుంచి 50 డిగ్రీల మధ్య ఉంటే చాలామందికి సుఖం. లోపల ఆవిరి పట్టకుండా ఫ్యాన్ ఉండటం, నుదుటికి, ముక్కుకు ఆనేచోట వెలుతురు చొరబడకపోవడం మన ఎండల్లో పెద్ద విషయాలే. ఎండ విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. గాగుల్స్‌ను లెన్సులు ఆకాశంవైపు ఉండేలా ఎప్పుడూ పెట్టకూడదు. లెన్స్ సూర్యకిరణాలను ఒక చుక్క దగ్గరకు చేర్చి, తెరను శాశ్వతంగా కాలుస్తుంది. వేసవిలో అందుకు ఎంతో సేపు పట్టదు.

ఇవన్నీ కుదిరాక డ్రోన్ సంగతి. మొదటి డ్రోన్‌గా వూప్ అనే చిట్టి డ్రోన్‌కు సాటి లేదు. మోటారు నుంచి ఎదురు మోటారుకు మూలగా కొలిస్తే 65 లేదా 75 మిల్లీమీటర్లు, బ్యాటరీ లేకుండా సుమారు ఇరవై ముప్ఫై గ్రాములు. ప్రొపెల్లర్ల చుట్టూ ప్లాస్టిక్ వలయాలుంటాయి. గోడకు తగిలితే తుళ్ళి పక్కకు పోతుంది, మనిషికి తగిలినా మామూలుగా గాయం కాదు. తలకిందులుగా పడితే బీటాఫ్లైట్ సాఫ్ట్‌వేర్‌లోని టర్టిల్ మోడ్‌తో మోటార్లు వెనక్కి తిరిగి దాన్ని మళ్ళీ నిలబెడతాయి, లేచి వెళ్ళక్కర్లేదు. హాల్లో, మేడ మీద, పార్కింగ్‌లో ఎగరేసుకోవచ్చు. బీటాఎఫ్‌పీవీ మీటియర్ 65, 75, హ్యాపీమోడల్ మోబులా 6, 7 ఈ కోవలో పేరున్నవి. ఇల్లు చిన్నదైతే 65, ఆరుబయట కూడా ఎగరేయాలంటే కాస్త గాలికి ఆగే 75 మంచిది. బ్రష్ మోటార్ల బొమ్మ డ్రోన్ల జోలికి పోవద్దు. ఆ మోటార్లు త్వరగా అరిగిపోతాయి. బ్రష్‌లెస్ మోటార్లే ఉండాలి.

వూప్‌ను 5 అంగుళాల ప్రొపెల్లర్ల డ్రోన్‌తో పోల్చి చూస్తే తేడా భయపెడుతుంది. ఇంటర్నెట్‌లో ఒళ్ళు జలదరించే వీడియోలు ఎక్కువగా ఈ పెద్ద డ్రోన్‌వే కాబట్టి అందరి కన్నూ దీనిమీదే పడుతుంది. బ్యాటరీతో కలిపి 700 గ్రాముల డ్రోన్ గంటకు 100 కిలోమీటర్ల వేగంతో కొట్టుకుంటే దానిలోని శక్తి 270 జౌళ్ళు. 30 గ్రాముల వూప్ 40 కిలోమీటర్ల వేగంతో తగిలితే 2 జౌళ్ళ లోపే. నూట ముప్ఫై రెట్లకు పైగా తేడా అన్నమాట. పైగా ఆ ప్రొపెల్లర్లు వేళ్ళను లోతుగా కోస్తాయి. ఇది తప్పకుండా ఎగరేయదగిన యంత్రమే, మొదటి రోజుల్లో మాత్రం కాదు. వూప్‌తో ఇల్లంతా తడబడకుండా తిరిగాక, మధ్యలో 3, 3.5 అంగుళాల తేలిక డ్రోన్ ఒకటి వాడి, అప్పుడు దానికి పోవచ్చు.

వూప్‌కు పెద్దన్నలాంటి సినీవూప్ కెమెరా పని కోసం పుట్టింది. అమెరికాలోని మినియాపోలిస్‌లో ఒక బౌలింగ్ క్లబ్ తలుపులోంచి దూరి, మనుషుల మధ్య నుంచి, బంతుల వెనక నుంచి ఒకే షాట్‌లో తిరిగిన 2021 నాటి వీడియో ఈ రకం డ్రోన్‌ను ప్రపంచానికి పరిచయం చేసింది. నేర్చుకునే డ్రోన్‌గా ఇది బరువైనది, ఖరీదైనది. డీజేఐ అవాటా లాంటి రెడీమేడ్ డ్రోన్లు ఇంకో దారి చూపిస్తాయి. చేతిని వంచితే అటే తిరిగే మోషన్ కంట్రోలర్‌తో గంటలోనే ఎగరేయవచ్చు. ఆ అనుభవమే చాలనుకునేవారికి అది సంతోషమే. కానీ మణికట్టుతో నడిపితే ఆక్రో రాదు. ఎఫ్‌పీవీ నైపుణ్యం కావాలంటే రెండు స్టిక్కుల రిమోట్ పట్టాల్సిందే.

కొత్తవాళ్ళు తక్కువగా అంచనా వేసేది బ్యాటరీల ఖర్చు. 300 ఎంఏహెచ్ చిన్న బ్యాటరీతో 65 మిల్లీమీటర్ల వూప్ మూడు నాలుగు నిమిషాలే ఎగురుతుంది. అరగంట ఆటకు ఎనిమిది నుంచి పది బ్యాటరీలు కావాలి. అందుకే బ్యాటరీ కనెక్టర్ ఏ రకమో మొదట్లోనే ఒకటి ఖాయం చేసుకోవాలి. బీటీ2.0, పీహెచ్2.0 ఒకదానిలో ఒకటి పట్టవు. లిథియం పాలిమర్ బ్యాటరీలో సెల్‌కు 4.2 వోల్టులు నిండు, హెచ్‌వీ రకానికి 4.35. ఎగిరేటప్పుడు 3.5 దాకా రాగానే దించాలి. రెండు మూడు రోజులు వాడకపోతే 3.8 దగ్గర నిలవ ఉంచాలి. నిండుగా వదిలేస్తే ఉబ్బుతాయి. ఉబ్బిన బ్యాటరీని మళ్ళీ ఛార్జింగ్‌కు పెట్టకూడదు. ఛార్జింగ్ పెట్టి నిద్రపోవడం, ఊరెళ్ళడం ఇల్లు కాల్చుకునే పని. వీడియో ట్రాన్స్‌మిటర్ విషయంలో మరో రెండు అలవాట్లు ఉండాలి. యాంటెనా లేకుండా పవర్ ఇస్తే అది మాడిపోతుంది. ఎగరేయకుండా నేలమీద ఎక్కువసేపు ఆన్‌లో ఉంచితే గాలి తగలక వేడెక్కి చెడుతుంది.

ఇండియాలో ఈ కొనుగోలుకు ఇంకో కోణం ఉంది. 2022 ఫిబ్రవరి 9న కేంద్రం పూర్తిగా తయారైన డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. విడివిడిగా వచ్చి బిగించే కిట్ల రూపంలో కూడా తేకూడదు. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకే మినహాయింపు. విడిభాగాలకు అడ్డు లేదు. అందువల్ల ఇక్కడి ఎఫ్‌పీవీ లోకం చాలావరకు ఫ్రేమ్, మోటార్లు, బోర్డు, కెమెరా విడిగా కొని బిగించుకునే లోకం. ఇది కష్టంలా కనిపించినా మేలే చేస్తుంది. తానే బిగించిన డ్రోన్‌ను తానే బాగుచేసుకోగలడు, రోజూ పడే యంత్రానికి అంతకన్నా కావలసినది లేదు. వూప్ బోర్డుల్లో రిసీవర్, చాలా వాటిలో వీడియో ట్రాన్స్‌మిటర్ కూడా ఉంటాయి కాబట్టి నాలుగైదు తీగలు సోల్డర్ చేయడం వస్తే పని జరిగిపోతుంది. అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసులో డ్రోన్ తెప్పించుకోవాలనుకునే తెలుగు ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. కస్టమ్స్ డిక్లరేషన్ ఫారంలో డ్రోన్‌కు ప్రత్యేకంగా గడి ఉందని, విమానాశ్రయంలో దాన్ని ఆపేయవచ్చని ముందే తెలుసుకోవడం మంచిది.

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల దాకా నానో, ఆపైన 2 కిలోల దాకా మైక్రో. నానో ఎగరేయడానికి, వ్యాపారం కోసం కాకుండా మైక్రో ఎగరేయడానికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో డబ్బు తీసుకుని పెళ్ళి వీడియో తీస్తే కావాలి. నానో కాని డ్రోన్‌కు థర్డ్ పార్టీ బీమా కూడా ఉండాలి. వూప్‌ను మొదటి డ్రోన్‌గా ఎంచుకోవడానికి ఇది మరో కారణం. బరువు ఎంతైనా చోటు నిబంధన మాత్రం వర్తిస్తుంది. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు దాకా, విమానాశ్రయం చుట్టూ 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల దాకా అనుమతి లేకుండా ఎగరేయవచ్చు. రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి కావాలి. హైదరాబాద్ చుట్టూ శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ విమానక్షేత్రాలు ఉన్నాయి, విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది, తిరుమల కొండమీద డ్రోన్లకు అనుమతి లేదు. డిజిటల్ స్కై మ్యాప్‌లో తమ చోటు రంగు చూసుకున్నాకే ఎవరైనా బ్యాటరీ పెట్టాలి.

గాగుల్స్ పెట్టుకున్న పైలట్‌కు చుట్టుపక్కల ఏముందో కనిపించదు. పక్కన ఒక మనిషి నిలబడి, మామూలు కళ్ళతో డ్రోన్‌ను, ఆకాశాన్ని, వచ్చిపోయే జనాన్ని గమనిస్తూ ఉండాలి. అమెరికాలో సరదాకు ఎగరేసేవాళ్ళకు ఇది నియమమే. ట్రస్ట్ అనే ఉచిత పరీక్ష పాసవడం, 250 గ్రాములు, అంతకు మించిన డ్రోన్‌ను ఎఫ్ఏఏ దగ్గర నమోదు చేయడం కూడా అక్కడ తప్పనిసరి. పక్కన నిలబడే మనిషికి ఇంకో గాగుల్స్ ఇచ్చి చూపించడం ఈ పనికి సరిపోదు, అతని కళ్ళు కూడా మూసుకుపోతాయి.

ఏ డ్రోన్ అన్న ప్రశ్నకు జవాబు చివరికి ఎక్కడ ఎగరేస్తారన్న దానిలో ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో ఉండి, వారానికోసారి బయటికి వెళ్ళే మనిషికి 65 మిల్లీమీటర్ల అనలాగ్ వూప్, మంచి రేడియో, అద్దాల మీద పట్టే బాక్స్ గాగుల్స్, ఎనిమిది బ్యాటరీలు, ఒక ఛార్జర్, ఒక సంచి ప్రొపెల్లర్లు చాలు. కోతలయ్యాక ఖాళీగా ఉండే పొలం, పక్కన నిలబడే స్నేహితుడు ఉన్నవారు 75తో మొదలుపెట్టి, ఎండాకాలం గడిచేసరికి పెద్ద డ్రోన్ గురించి ఆలోచించవచ్చు. ఆ పొలం మీదుగా కరెంటు లైన్ ఏదీ పోకపోతే మరీ మంచిది.